మా గల్లీకి గోడ నుంచి గోడ దాకా సీసీ వేయాలా, పక్కన మట్టి వదలాలా?

గేటుముందు_నీళ్లు:
మాది హైదరాబాద్‌లో నల్లకుంట వైపు 30 అడుగుల గల్లీ. సోమవారం నుంచి కొత్త సీసీ (సిమెంటు కాంక్రీటు) రోడ్డు పని మొదలవుతుందట. అసోసియేషన్‌లో సగం మంది గోడ నుంచి గోడ దాకా పోయించేద్దాం, బురద ఉండదు అంటున్నారు. మేం నలుగురైదుగురం మాత్రం రెండు పక్కలా మూడేసి అడుగులు మట్టి వదిలి చెట్లు పెడదామంటున్నాం. ఇల్లు కట్టినప్పుడు మేం రోడ్డు మీంచి రెండు మెట్లు ఎక్కి గేటు తీసేవాళ్లం. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే ఇంకోటి, దాని మీద మరోటి వేసుకుంటూ పోతే ఇప్పుడు గేటు తీశాక ఒక మెట్టు దిగుతున్నాం. 2000 ఆగస్టులో బేగంపేటలో ఒక్క రోజులో 24 సెం.మీ. వాన పడ్డప్పుడు మా ఇంట్లోకి చుక్క రాలేదు. 2020 అక్టోబరులో అక్కడ పడింది 19 సెం.మీ., అంటే అంతకంటే తక్కువే, కానీ మా వంటింట్లో బియ్యం డబ్బా తేలింది, సంపులోకి మురుగు దిగింది. పెరిగింది వానా, రోడ్డా మీరే చెప్పండి.

మూడో_ఇల్లు:
అన్నా, మట్టి వదిలితే ఆర్నెల్లలో చెత్తకుండీ అవుతుంది. పక్క గల్లీలో చూశాం కదా, కొబ్బరి బొండాలు, కూల్చిన గోడ ముక్కలు, వానాకాలం దోమలు. వేర్లు డ్రైనేజీ పైపులో దూరితే ఆ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? కారు ఎక్కడ పెట్టాలో అది కూడా చెప్పండి.

రిటైర్డ్_ఏఈ:
లెక్క వేసి మాట్లాడుకుందాం. గల్లీ వెడల్పు సుమారు 9 మీటర్లు, పొడవు 100 మీటర్లు అనుకోండి. మన వరద కాలువలు గంటకు 2 సెం.మీ. వానకు తగ్గట్టు కట్టినవని అధికారులే ఎన్నోసార్లు చెప్పారు. ఆ 2 సెం.మీ. పడితేనే రోడ్డు మీద 18,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు మూడున్నర. మీరు వదిలే మట్టి రోడ్డులో అయిదో వంతు. కింద మన ఊరంతా రాయే, రెండు మూడడుగులు మొరం తవ్వగానే గడ్డపార ఖంగుమంటుంది, జోరు వానలో అక్కడ ఎంత ఇంకుతుంది? ఇంకో సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఇరవై ఇళ్లు, ఒక్కో డాబా 150 చదరపు మీటర్లు అనుకుంటే అదే వానకు 60,000 లీటర్లు పైపుల్లోంచి నేరుగా రోడ్డు మీదికే వస్తున్నాయి. డాబా నీళ్లు వదిలేసి రోడ్డుతో కొట్లాడితే ఏం లాభం? నాలుగడుగులు పొడవు, నాలుగు వెడల్పు, ఆరు లోతు ఇంకుడు గుంతలో కంకర నింపాక పట్టేది వెయ్యి లీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. అయినా ఇంటికొకటి తవ్వితే ఇరవై వేలు ఆగుతాయి. బీటీ (తారు రోడ్డు) కన్నా సీసీకే నా ఓటు, నీళ్లు నిలిస్తే తారు లేచిపోతుంది. కానీ పాతది తవ్వి తీశాకే వేయాలి, ఆ విషయంలో గేటుముందు_నీళ్లు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం.

కనుగచెట్టు_కింద:
ఏఈ గారూ, మీ లెక్కలోనే ఒకటి వదిలేశారు. మట్టి పట్టీని రోడ్డుతో సమానంగా కాకుండా నాలుగంగుళాలు కిందికి ఉంచితే? రెండు పక్కలా కలిపి 180 చదరపు మీటర్లు, 10 సెం.మీ. లోతు, మీ 18,000 లీటర్లూ అందులోనే నిలుస్తాయి. ఇంకకపోయినా సరే, గంటసేపు ఆగితే చాలు, ఈలోపు కాలువకు ఊపిరి అందుతుంది. పైగా మీరంతా వాన గురించే మాట్లాడుతున్నారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా గల్లీకి వచ్చి చూడండి. మొత్తం మీద ఒకటే కనుగ చెట్టు, దాని కింద ఇస్త్రీ బండి, కూరగాయల తోపుడు బండి, ఫుడ్ డెలివరీ పిల్లల బైకులు. నీడ జరిగినకొద్దీ బండి కూడా జరుగుతుంది. పోయినసారి ఆ చెట్టు మొదలు చుట్టూ కూడా సిమెంటు పోశారు, బెరడు దాకా! నేనే సుత్తి, ఉలి తెచ్చి అడుగు మేర పగలగొట్టాను. చెట్లు పెడితే మాత్రం మళ్లీ ఆ కోనోకార్పస్ వద్దు బాబూ, వేప, కనుగ చాలు.

రిటైర్డ్_ఏఈ:
నాలుగంగుళాల మాట ఒప్పుకుంటాను. కానీ ఇరవై గేట్లకు ర్యాంపులు కావాలి, సగం పట్టీ వాటికే పోతుంది. 9,000 లీటర్లు అనుకోండి. అదీ తక్కువేం కాదు. డెన్మార్క్‌లో కోపెన్‌హేగెన్ 2011 జులైలో మునిగింది, రెండు మూడు గంటల్లోనే సుమారు 15 సెం.మీ. వాన. ఆ మరుసటి ఏడాది వాళ్లు వేసుకున్న ప్లాన్‌లో కొన్ని వీధులనే కాలువలుగా వాడుకున్నారు, మధ్యలో పల్లం, పక్కన ఎత్తు అంచు, నీళ్లు ఇళ్లలోకి కాక వీధి వెంబడి పోతాయి. మనం చేసేది దీనికి తిరగేసి, రోడ్డు ఎత్తు, ఇల్లు పల్లం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు కాబట్టి ఈ కుండపోతలు తగ్గుతాయని నేనైతే అనుకోను.

అద్దె_ఇల్లు:
మేం గ్రౌండ్ ఫ్లోర్‌లో అద్దెకుంటాం, మా మాట అసోసియేషన్‌లో ఎవరూ అడగరు. వాన పడగానే ఎవరో ఒకరు మురుగు మ్యాన్‌హోల్ మూత తీస్తారు, నీళ్లు పోతాయని. పోతాయి నిజమే, అరగంటకు మా బాత్రూంలోంచి తిరిగొస్తాయి. తీసిన మూత నీళ్ల కింద కనబడదు, బడి నుంచి వచ్చే పిల్లలు అదే దారిన నడుస్తారు. మట్టా సిమెంటా అని తేల్చుకునేలోపు ఆ మూతలు తీయడం ఆపండి, దండం పెడతా.

గేటుముందు_నీళ్లు:
అమ్మా, ఆ మూత నేనూ రెండుసార్లు తీశాను. ఇక తీయను.
ఏఈ గారూ, ఆదివారం పొద్దున వీలవుతుందా? నీళ్లు నింపి ఎత్తు సరిచూసే ట్యూబ్ లెవెల్ పైపు నా దగ్గర ఉంది. కాంట్రాక్టర్ రాకముందే ప్రతి గేటు గోడ మీద ఎర్ర రంగుతో గీత కొట్టేద్దాం, రోడ్డు ఆ గీత దాటితే పని ఆపిస్తాం. మట్టి పట్టీ ముందు కనుగ చెట్టు వైపే వదులుదాం. రెండో పక్క సంగతి వానాకాలం చూశాక మాట్లాడుకుందాం.

మూడో_ఇల్లు:
గీత కొట్టండి, నాకు అభ్యంతరం లేదు, మా గేటు కూడా మునిగేదే. కానీ ఆ కనుగ చెట్టు వైపే నా కారు ఉంటుంది కదా అన్నా.