ఎనిమిదేళ్లుగా కదలని సైడ్‌కార్ బుల్లెట్ కొనాలనుకుంటున్నా, ఏమేం చూసుకోవాలి?

నల్లగొండ రైడర్:

అన్నలూ, ఒక సలహా కావాలి. దేవరకొండ దగ్గర మా పెద్దమ్మ వాళ్ల ఊళ్లో ఒక పాత ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ 350 ఉంది, సైడ్‌కార్‌తో సహా. 1974 బండి అంటున్నారు. ఆ ఇంటి పెద్దాయన ఆర్‌ఎంపీ డాక్టర్, మందుల పెట్టె సైడ్‌కార్‌లో పెట్టుకుని చుట్టుపక్కల తండాలన్నీ దాని మీదే తిరిగేవాడట. ఆయన పోయి ఎనిమిదేళ్లయింది, అప్పటి నుంచి బండి పశువుల కొట్టంలో టార్పాలిన్ కిందే ఉంది. మొన్న పండక్కి పోయినప్పుడు తీసి చూస్తే సైడ్‌కార్‌లో కోడి పొదుగుతోంది. ట్యాంకు మూత తీస్తే వార్నిష్ వాసన గుప్పుమని కొట్టింది. కొడుకు 90 వేలు చెప్తున్నాడు. కిక్ కూడా కొట్టి చూపించాడు, కిక్ మామూలుగానే దిగుతోంది కాబట్టి ఇంజన్ జామ్ కాలేదు, కార్బురేటర్ కడిగితే స్టార్ట్ అవుతుంది అంటున్నాడు.

నాకు బండి ఇంట్లో పెట్టి చూసుకోవడానికి కాదు. మా అమ్మకి మోకాళ్ల నొప్పులు, బైక్ వెనక కాలు వేసి ఎక్కలేదు. సైడ్‌కార్‌లో కూర్చోబెట్టి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకుపోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఆదివారం మళ్లీ పోతున్నా. స్టార్ట్ కాని బండిలో ఏది చూస్తే అసలు సంగతి తెలుస్తుంది?

మిర్యాలగూడ మెకానిక్:

తమ్మీ, ముందు ఆ కొడుక్కి ఫోన్ చేసి ఇంకెవర్నీ కిక్ కొట్టనీయొద్దని చెప్పు. అన్నేళ్లు నిలబడ్డ ఇంజన్‌లో సిలిండర్ గోడకి తుప్పు పట్టి ఉంటుంది, అట్లనే గట్టిగా కొడితే రింగులు విరుగుతాయి, గోడకి గీతలు పడతాయి, చిన్న పనితో పోయేది బోరింగ్ దాకా, అంటే సిలిండర్ లోపలి గోడని మళ్లీ చెక్కించే దాకా పోతుంది.

ఇంకోటి, కిక్ దిగుతోందంటే ఇంజన్ తిరుగుతోందని కాదు. పాత బుల్లెట్‌లో కిక్ నేరుగా క్రాంకుని (పిస్టన్‌ని ఆడించే ఇరుసుని) తిప్పదు, గేర్‌బాక్స్ లోంచి క్లచ్ మీదుగా తిప్పుతుంది. క్లచ్ జారుతుంటే కిక్ హాయిగా కిందిదాకా వస్తుంది, లోపల పిస్టన్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇట్లాంటి బళ్లు చాలా చూశాను. అందుకని శనివారం రాత్రే వాళ్లతో స్పార్క్ ప్లగ్ విప్పించి, రెండు మూడు చెంచాల ఇంజన్ ఆయిల్‌లో కాస్త డీజిల్ కలిపి ఆ రంధ్రంలో పోయించు. ప్లగ్ రాకపోతే బలవంతం చేయొద్దు, అక్కడ కూడా కొంచెం నూనె వేసి వదిలేయాలి. పొద్దున నువ్వు పోయాక ఒక సన్నటి ప్లాస్టిక్ స్ట్రా రంధ్రంలో పెట్టి పిస్టన్ మీద ఆనించు, బండిని నాలుగో గేర్‌లో వేసి మెల్లగా ముందుకీ వెనక్కీ నెట్టు. స్ట్రా పైకీ కిందికీ ఆడితే ఇంజన్ తిరుగుతున్నట్టే. చక్రం తిరిగి స్ట్రా కదలకపోతే క్లచ్ జారుతోంది, అప్పుడు ఎడమవైపు చైన్ కేస్ విప్పి క్రాంకు నట్టుకి పానా వేసి చూడాల్సిందే. నెట్టేటప్పుడు చెవి ఇంజన్ దగ్గర పెట్టు, పిస్టన్ పైకి పోయి తిరిగి దిగే చోట లోపల టక్ అని వినిపిస్తే బిగ్ ఎండ్, అంటే పిస్టన్ రాడ్డు క్రాంకుకి తగిలే కీలు, పోయి ఉండొచ్చు. ఆ కాలం బుల్లెట్లలో అది రోలర్ బేరింగ్ కాదు, ఫ్లోటింగ్ బుష్, అంటే వదులుగా తిరిగే లోహపు గొట్టం, ఆయిల్ అందకపోతే తొందరగా అరుగుతుంది.

డ్రైన్ బోల్ట్ కూడా కొంచెం వదులు చేసి కింద ఒక గిన్నె పెట్టు. ముందు నీళ్లు కారితేనో, ఆయిల్ మజ్జిగలా తెల్లగా వస్తేనో లోపల బేరింగులు తుప్పు పట్టాయని లెక్క వేసుకో. అయినా ఇంజన్ గురించి మరీ టెన్షన్ వద్దు, బుల్లెట్‌కి దొరకని సామాను తక్కువ. హైదరాబాద్ పుత్లీబౌలిలో తిరిగితే చాలా వరకు దొరుకుతుంది, లేకపోతే ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెప్పించుకోవచ్చు.

పాలమూరు పాతబండి:

మెకానిక్ అన్న చెప్పింది నిజమే, కానీ నా లెక్కన పానా పట్టుకునే ముందు ఆర్‌సీ పట్టుకోవాలి. నేను 2016లో జడ్చర్ల దగ్గర ఒక పాత జావా బైక్ కొన్నా, ఇంజన్ అద్దంలా ఉందని మురిసిపోయి కాగితాలు తర్వాత చూసుకుందాం అనుకున్నా. తనిఖీకి తీసుకుపోతే ఛాసిస్ నంబర్‌లో రెండు అంకెలు గీకి మళ్లీ కొట్టినవని తేలింది. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. ఆ బండి ఇప్పటికీ మా ఇంట్లో మెట్ల కింద ఉంది, రోడ్డెక్కలేదు.

కాబట్టి ఇంజన్ మీదా ఫ్రేమ్ మీదా నంబర్లున్న చోట మట్టి, గ్రీజు కిరోసిన్‌తో కడుగు, పల్చటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దు. ఆర్‌సీ పక్కన పెట్టి ఒక్కొక్క అంకె చూడు. అంకెలన్నీ ఒకే లోతులో, ఒకే రకంగా ఉండాలి. చుట్టూ రాపిడి గీతలు కనిపిస్తే ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

సైడ్‌కార్ సంగతి ఆర్‌సీలో రాసి ఉందా అనేది కూడా చూడు. మోటార్ వాహనాల చట్టంలో మోటార్‌సైకిల్ అన్న మాటలోనే అదనపు చక్రంతో తగిలించే సైడ్‌కార్ కూడా కలిసి ఉంది, అంటే సైడ్‌కార్ పెట్టడమే తప్పు కాదు. కానీ తర్వాత తగిలించింది అయితే మార్పు కింద ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. పెద్దాయన పోయారు కాబట్టి బండి ముందు వారసుల పేరు మీదకి మారాలి, దానికి ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, మిగతా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల ఒప్పుదల కావాలి. ఆ పని వాళ్లు పూర్తి చేశాకే మొత్తం డబ్బు ఇవ్వు.

ఎవరో ఒకరు వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోమంటారు. 2021లో వచ్చిన రూల్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులేవీ లేకుండా ఉన్న బళ్లకి వీఏ అక్షరాలతో నంబర్ ఇస్తారు. కొత్తగా చేయిస్తే ఫీజు 20 వేలు, పదేళ్లకి చెల్లుతుంది. కానీ ఆ నంబర్‌తో రోజువారీ తిరగడానికి లేదు, ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు, రిపేరు లాంటి వాటికే. అమ్మని గుడికి తీసుకుపోవాలంటే నీకు మామూలు ఆర్‌సీ రెన్యువల్లే కావాలి. 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి చేయించాలి, పెద్దాయన చివరిసారి ఎప్పుడు చేయించారో అడుగు.

సాగర్ రోడ్:

ఇద్దరూ బండి గురించి చెప్పారు, సైడ్‌కార్ గురించి నేను చెప్తా, మా నాన్న దగ్గర పన్నెండేళ్లు ఉండేది.

మామూలు బైక్ మలుపులో వంగుతుంది, సైడ్‌కార్ ఉన్న బండి వంగదు. ఆ బరువంతా పక్క నుంచి ఫ్రేమ్ మీదా ఫోర్క్ మీదా స్పోక్‌ల మీదా పడుతుంది. పాత బుల్లెట్‌కి ఇంజన్ కింద ఫ్రేమ్ గొట్టం లేదు, ఇంజనే ఫ్రేమ్‌లో ఒక భాగం, అందుకని ఇంజన్ ప్లేట్లు, వాటి స్టడ్‌లు వదులయ్యాయేమో ముందు చూడు. సైడ్‌కార్ మామూలుగా నాలుగు చోట్ల బిగించి ఉంటుంది. ఆ నాలుగు క్లాంపుల దగ్గరా తడిగుడ్డతో తుడిచి టార్చ్ పక్కనుంచి వేసి చూడు. పెయింట్ మీద వెంట్రుక లాంటి గీత, దాని వెంట ఎర్రటి తుప్పు మరక ఉంటే అది పెయింట్ గీత కాదు, లోపల ఇనుము చీలింది. ఇంజన్ సామాను ఎక్కడైనా దొరుకుతుంది, వంకర పోయిన ఫ్రేమ్‌ని సరిచేసేవాళ్లు దొరకడమే కష్టం. నేనైతే ఇదే మొదట చూస్తా.

తర్వాత మూడు టైర్లలో గాలి కొట్టించి, రెండు తిన్నటి కర్రలు తీసుకుని ఒకటి బైక్ చక్రాల పక్కన, ఇంకోటి సైడ్‌కార్ చక్రం పక్కన నేల మీద పెట్టు. ముందు వైపు దూరం వెనక కంటే అర నుంచి ముప్పావు అంగుళం తక్కువ ఉండాలి. బైక్ నిటారుగా గానీ, సైడ్‌కార్‌కి దూరంగా చాలా కొద్దిగా వాలి గానీ ఉండాలి. సైడ్‌కార్ వైపుకే వాలిందంటే క్లాంపులు జారాయి లేదా ఏదో వంగింది. ఆ కోడిని లేపి చాప ఎత్తి అడుగు రేకు కూడా బొటనవేలితో నొక్కు, అమ్మ కాళ్లు పెట్టేది అక్కడే కదా. ఆ మోడల్‌కి బ్రేక్ ఎడమకాలికి ఉంటుంది, సైడ్‌కార్ కూడా ఎడమవైపే, పెడల్ కిందిదాకా దిగేటప్పుడు ఏ రాడ్డుకీ తగలకూడదు.

నల్లగొండ రైడర్:

పోయి వచ్చా. పిస్టన్ కదిలింది, స్ట్రా నిండా అంగుళంన్నర ఆడింది, టక్ శబ్దం లేదు. ఆయిల్ నల్లగా ఉంది కానీ నీళ్లు లేవు. నంబర్లు ఆర్‌సీతో కలిశాయి, సైడ్‌కార్ కూడా ఆర్‌సీలో ఎక్కించి ఉంది. రెన్యువల్ 2014లో చేయించారు, అయిపోయి చాలా ఏళ్లయింది. కానీ సాగర్ రోడ్ అన్న చెప్పినట్టే ముందు కింది క్లాంపు పక్కన ఎర్ర గీత కనిపించింది, గోరు పెడితే తగులుతోంది. అడుగు రేకు ఒకచోట మెత్తగా ఉంది. 60 వేలకి అడిగా, 65కి ఒప్పుకున్నాడు, 10 వేలు అడ్వాన్స్ ఇచ్చా, వారసుల పేరు మారాక మిగతాది. ఆ చీలిక వెల్డింగ్‌తో ఆగుతుందా?

సాగర్ రోడ్:

క్లాంపు చెవి వరకే అయితే విప్పి కొత్తది చేయించడం మేలు. ఫ్రేమ్ గొట్టంలోకి పాకి ఉంటే పైపైన వెల్డింగ్ కొట్టిస్తే ఆగదు, చీలిక కొసన చిన్న రంధ్రం వేసి, మొత్తం గీకి, లోపల ముక్క పెట్టి వెల్డింగ్ చేసేవాళ్ల దగ్గరికే పో. బండి తెచ్చేటప్పుడు సైడ్‌కార్ విప్పి వేరుగా ట్రాలీలో ఎక్కించు, విప్పే ముందు ప్రతి క్లాంపు దగ్గరా గొట్టం మీద మార్కర్‌తో గీత పెట్టి ఫొటోలు తీసుకో, మళ్లీ అదే కొలతకి బిగించొచ్చు. స్టార్ట్ అయ్యాక అమ్మని వెంటనే ఎక్కించుకోవద్దు. రెండు బియ్యం బస్తాలు సైడ్‌కార్‌లో వేసుకుని ఖాళీ మైదానంలో వారం రోజులు తిప్పు. ఎక్సిలేటర్ ఇస్తే ఎడమకి లాగుతుంది, బ్రేక్ వేస్తే కుడికి లాగుతుంది, ఎడమ మలుపు వేగంగా తిప్పితే సైడ్‌కార్ చక్రం లేస్తుంది. ఆ మూడూ చేతికి అలవాటయ్యాక పానగల్లు పోండి.