సొలిసిటర్ కదలడం లేదు, మార్ట్‌గేజ్ ఆఫర్ గడువు ముంచుకొస్తోంది: ఇంగ్లండ్‌లో ఇల్లు కొన్నవాళ్లు కాస్త చెప్పండి

రెడింగ్ కొత్త ఇల్లు
అందరికీ నమస్కారం. రెడింగ్‌లో మూడు బెడ్‌రూముల సెమీ (ఒక పక్క గోడ పొరుగింటితో కలిసిన ఇల్లు), ఫ్రీహోల్డ్ (స్థలంతో సహా సొంతం), 4,50,000 పౌండ్లకు మా ఆఫర్ ఒప్పుకున్నారు. సర్వే అయింది, సెర్చ్‌లన్నీ (కౌన్సిల్ వగైరాల దగ్గర ఇంటి వివరాల తనిఖీలు) వచ్చాయి, ఎంక్వైరీల (అమ్మేవాళ్ల సొలిసిటర్‌కి మనవాళ్లు వేసే ప్రశ్నల) దగ్గర ఆగిపోయింది. మా సొలిసిటర్‌ని (కొనుగోలు కాగితాలు చూసే లాయర్‌ని) అడిగితే అవతలి నుంచి జవాబు రాలేదంటారు. ఏజెంట్‌ని అడిగితే జవాబులు ఎప్పుడో పంపేశారట. ఎవరిని నమ్మాలి? డిపాజిట్‌లో కొంత నాన్నగారు తెనాలి దగ్గర పొలం అమ్మి పంపిన డబ్బు. దాని కాగితాలు ఇచ్చిన కొద్దీ ఇంకా అడుగుతున్నారు. వెనక కట్టిన ఎక్స్‌టెన్షన్‌కి బిల్డింగ్ రెగ్యులేషన్స్ సర్టిఫికెట్ లేదని ఇంకో పేచీ. మార్ట్‌గేజ్ ఆఫర్ వచ్చే నెలాఖరుదాకే. అద్దె ఇంటికి నోటీసు ఇచ్చేయాలా? సొలిసిటర్‌ని మార్చొచ్చా? కంప్లైంట్ ఎవరికి చేయాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

హౌన్‌స్లో అక్క
నోటీసు మాత్రం ఇవ్వకు తమ్ముడూ. ఎక్స్‌ఛేంజ్ (రెండు వైపులా ఒప్పందం ఖాయం కావడం) అయ్యేదాకా అమ్మేవాళ్లు ఏ క్షణమైనా కాదనొచ్చు, నీకు ఒక్క పౌండు కూడా ఇవ్వక్కర్లేదు. నీది ఫ్రీహోల్డ్, అదే అదృష్టం. మాది లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (స్థలం వేరేవాళ్లది, మనకు కొన్నేళ్ల హక్కే). మేనేజింగ్ ఏజెంట్ మేనేజ్‌మెంట్ ప్యాక్‌కి (బిల్డింగ్ లెక్కలు, కాగితాల కట్టకి) ముందే డబ్బు కట్టించుకుని ఉలకలేదు, పలకలేదు. అది వచ్చాక చూస్తే సర్వీస్ చార్జి లెక్కల్లో ఒక ఏడాది లేదు. అది తెప్పించాక క్లాడింగ్ (బయటి గోడల తొడుగు) గొడవ, దాని అగ్నిప్రమాద భద్రత చూసి ఇచ్చే ఈడబ్ల్యూఎస్1 ఫారం లేనిదే అప్పు ఇవ్వనని బ్యాంకు. ఈ మూడూ మొదటి రోజే కలిపి అడగొచ్చు కదా? మా సొలిసిటర్ ఒకటి వచ్చాకే రెండోది అడిగింది. గ్రౌండ్ రెంట్ (స్థలం యజమానికి కట్టే అద్దె) పెరుగుతూ పోయే లీజు అని చివర్లో బయటపడింది. 2022 జూన్ 30 నుంచి రాసిన కొత్త లీజులకే గ్రౌండ్ రెంట్ ఎత్తేశారు, పాత లీజులకు ఆ చట్టం వర్తించదు. అది కూడా నేనే చదివి ఆవిడకి చెప్పాల్సి వచ్చింది.

క్రాయిడన్ కృష్ణ
ఏజెంట్ చూపించిన కంపెనీని పెట్టుకున్నారా? అయితే అంతే. ఏజెంట్‌కి రిఫరల్ ఫీజు వెళ్తుంది, మీ ఫైలు వందల ఫైళ్ల కింద పడుతుంది. మా ఫైలు చూసేవాళ్లు మారిపోతూనే ఉన్నారు. ప్రతి కొత్త మనిషీ పాస్‌పోర్ట్ కాపీ మళ్లీ పంపమనడమే. పోర్టల్‌లో మాత్రం అన్నీ పచ్చ టిక్కులు. ఎక్స్‌టెన్షన్ సంగతి సొలిసిటర్ కోసం చూడకుండా నేరుగా కౌన్సిల్‌కి ఫోన్ చేసి కనుక్కోండి. పది నిమిషాల పని.

లెస్టర్ పారాలీగల్
కౌన్సిల్‌కి ఫోన్ చేయొద్దు! దయచేసి చేయొద్దు. సర్టిఫికెట్ లేనప్పుడు అమ్మేవాళ్ల ఖర్చుతో ఇండెమ్నిటీ పాలసీ (కౌన్సిల్ చర్య తీసుకుంటే నష్టం భరించే ఇన్సూరెన్స్) తీసుకోవడం మామూలు. ఆ విషయం కౌన్సిల్ చెవిన పడిందంటే ఇన్సూరెన్స్ వాళ్లు ఇక పాలసీ ఇవ్వరు. నేను కన్వేయన్సింగ్ (ఇళ్ల కొనుగోలు కాగితాలు చూసే) ఆఫీసులోనే పనిచేస్తాను, ఇలా ఫోన్ చేసి చేజేతులా చెడగొట్టుకున్నవాళ్లను చూశాను. తెలియని విషయం మీద సలహాలివ్వకండి.

ఇక డబ్బు సంగతి. 2017 మనీ లాండరింగ్ రెగ్యులేషన్స్ ప్రకారం సొలిసిటర్ అడిగి తీరాలి, అది వాళ్ల లైసెన్సుకు సంబంధించిన విషయం. విడివిడిగా పంపితే విడివిడిగానే అడుగుతారు. సేల్ డీడ్, కొన్నవాళ్ల డబ్బు నాన్నగారి ఖాతాలో పడిన స్టేట్‌మెంట్, అక్కడి నుంచి మీ ఖాతాకు వచ్చిన కాగితం, గిఫ్ట్ లెటర్, ఆయన పాస్‌పోర్ట్, అడ్రస్ ప్రూఫ్ అన్నీ ఒకే పీడీఎఫ్‌లో వరస తప్పకుండా పెట్టండి. డీడ్ తెలుగులో ఉంటే సర్టిఫైడ్ అనువాదం జత చేయండి. ఎల్‌ఆర్‌ఎస్ (ఇండియా నుంచి విదేశాలకు డబ్బు పంపే ఆర్‌బీఐ పథకం) కింద పంపినప్పుడు 10 లక్షల రూపాయలు దాటిన సొమ్ము మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపన్ను) వసూలు చేస్తుంది. స్టేట్‌మెంట్‌లో ఆ డెబిట్ ఏమిటని తప్పకుండా అడుగుతారు, ముందే ఒక లైన్ రాసిపెట్టండి.

క్రాయిడన్ కృష్ణ
పాలసీ కాగితం గోడను నిలబెడుతుందా? కౌన్సిల్ చర్య తీసుకుంటేనే అది పనికొస్తుంది, కట్టడం నాసిరకమైతే పైసా రాదు. ముందు స్ట్రక్చరల్ ఇంజనీర్‌కి చూపించమని చెప్పాలి. మీ ఆఫీసులవాళ్లు ఎప్పుడూ సొలిసిటర్ల తరఫే.

లెస్టర్ పారాలీగల్
ఇంజనీర్‌కి చూపించొద్దని నేనెక్కడ అన్నాను? చూపించండి. కౌన్సిల్ జోలికి పోవద్దన్నాను, అంతే. ఒక్కొక్కరి నెత్తిన ఎన్ని ఫైళ్లుంటాయో మీకు తెలుసా?

హౌన్‌స్లో అక్క
అన్ని ఫైళ్లు ఒప్పుకోమని మేం చెప్పామా? ఫీజు మాత్రం పూర్తిగా తీసుకుంటారు కదా.

సొలిహల్ మామ
ఇవన్నీ సరే. బాబూ, నీకు ఇండియాలో ఇల్లు ఏమైనా ఉందా? ఎవరూ అడగలేదేం? 4,50,000 ఇంటికి ఫస్ట్ టైమ్ బయ్యర్‌వైతే స్టాంప్ డ్యూటీ 7,500 పౌండ్లు, కాకపోతే 12,500. ఇంకో ఇల్లు ఉందంటే 5 శాతం సర్‌చార్జ్ కలిపి 35,000.

రెడింగ్ కొత్త ఇల్లు
నా పేరున ఏమీ లేదండి. మా ఆవిడ పేరున పెళ్లికి ముందు మియాపూర్‌లో కొన్న ఫ్లాట్ ఉంది. కానీ ఇక్కడి ఇల్లు నా ఒక్కడి పేరునే కొంటున్నాం, కాబట్టి ఫస్ట్ టైమ్ బయ్యర్‌నే కదా?

వాట్‌ఫర్డ్ వాసు
ఏం కాదు బ్రదర్. ఇండియా ఇల్లు ఇక్కడ ఎవరు లెక్కబెడతారు? మా ఫ్రెండ్స్ అందరూ ఫస్ట్ టైమ్ బయ్యర్ అనే పెట్టారు. అనవసరంగా భయపెట్టకండి.

సొలిహల్ మామ
వాసూ, ఇలాంటి మాటలతోనే జనం మునుగుతున్నారు. రూల్ ప్రపంచంలో ఎక్కడున్నా ఇల్లు ఇల్లే అంటోంది. కలిసి కాపురం చేసే భార్యాభర్తలను సర్‌చార్జ్ లెక్కలో ఒక్కటిగానే చూస్తారు, ఎవరి పేరున కొన్నా సరే. సర్‌చార్జ్ పడిన చోట ఫస్ట్ టైమ్ బయ్యర్ రిలీఫ్ (ఆ తగ్గింపు) అసలే రాదు. 2024 అక్టోబర్ 31న 3 శాతాన్ని 5 చేశారు. స్టాంప్ డ్యూటీ రిటర్న్‌లో ఉన్నది నిజమని ఒప్పుకునేది కొనేవాడు. మీ ఫ్రెండ్స్ వచ్చి కడతారా?

వాట్‌ఫర్డ్ వాసు
మీరు ట్యాక్స్ ఆఫీసరా? మా నాన్నగారు పోయాక నల్గొండలో తాతల నాటి ఇంట్లో నాకు వాటా వచ్చింది. అన్నదమ్ములం నలుగురం. దానికి కూడా సర్‌చార్జ్ కట్టాలంటారా? అన్యాయం కాదూ?

లెస్టర్ పారాలీగల్
మామగారు చెప్పింది అక్షరాలా కరెక్ట్. వాసు గారూ, మీ వాటా విలువ 40,000 పౌండ్లలోపు ఉంటే సర్‌చార్జ్ లెక్కలోకి రాదు. సగానికి మించని వాటా వారసత్వంగా వచ్చి మూడేళ్లు నిండకపోయినా రాదు. కానీ ఫస్ట్ టైమ్ బయ్యర్ రిలీఫ్ వేరే సంగతి, వారసత్వంగా ఇంట్లో వాటా వచ్చినా అది పోతుంది. పొలం, ఖాళీ ప్లాటు ఇళ్లు కావు, వాటితో చిక్కు లేదు. రెడింగ్ గారూ, ఈరోజే మియాపూర్ ఫ్లాట్ సంగతి మీ సొలిసిటర్‌కి రాసి పంపండి. ఎక్స్‌ఛేంజ్ అయ్యాక తెలిస్తే ఆ తేడా 27,500 పౌండ్లు అప్పటికప్పుడు ఎక్కడి నుంచి తెస్తారు?

వాట్‌ఫర్డ్ వాసు
ఇంత ముఖ్యమైన విషయం సొలిసిటర్ మొదటి రోజే అడగాలి కదా? మరి ఫీజు దేనికి?

ఎడిన్‌బరా పద్మ
స్కాట్లాండ్‌కి వచ్చేయండి. ఇక్కడ అమ్మేవాళ్లే ముందుగా హోమ్ రిపోర్ట్ (ఇంటి సర్వే రిపోర్ట్) తీయించి పెడతారు. ఆఫర్ కూడా సొలిసిటర్ ద్వారానే వెళ్తుంది. మాకు చాలా హాయిగా అయింది.

క్రాయిడన్ కృష్ణ
ఉద్యోగం రెడింగ్‌లో పెట్టుకుని ఎడిన్‌బరాలో ఇల్లెలా కొంటారండీ? మిస్సివ్స్ (రెండు వైపుల సొలిసిటర్ల ఒప్పంద ఉత్తరాలు) పూర్తయ్యేదాకా అక్కడా ఎవరైనా వెనక్కి పోవచ్చు.

కోవెంట్రీ గోదారోడు
మా ఫైలు పేరు దగ్గర ఆగింది. ఇంకెవరికైనా ఇలాగే అయిందా? సేల్ డీడ్‌లో నాన్నగారి ఇంటిపేరు పొడి అక్షరం, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా విప్పి చివర్లో. బ్యాంకు పాస్‌బుక్‌లో ఇంటిపేరే లేదు. ముగ్గురు వేర్వేరు మనుషులనుకున్నారు. అమలాపురంలో నోటరీ దగ్గర ఆ మూడు పేర్లూ ఒకే మనిషివని అఫిడవిట్ చేయించి పంపితే ఆ వారమే సంతకం పెట్టారు. మన జిల్లాలవాళ్లందరూ ముందే చేయించి పెట్టుకోండి.

బ్రిస్టల్ శారద
కంప్లైంట్ సంగతి ఎవరూ చెప్పలేదు. ప్రతి కంపెనీకీ రాతపూర్వకమైన కంప్లైంట్ పద్ధతి ఉంటుంది. సబ్జెక్ట్‌లో ఫార్మల్ కంప్లైంట్ అని రాసి, కేస్ హ్యాండ్లర్‌కి కాకుండా కంప్లైంట్లు చూసే పార్ట్‌నర్‌కి పంపండి. ఎనిమిది వారాల్లో సరైన జవాబు రాకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ (లాయర్ల మీద ఫిర్యాదులు చూసే సంస్థ) దగ్గరకు వెళ్లొచ్చు. ఫీజు తగ్గించమనీ పరిహారం ఇమ్మనీ చెప్పే అధికారం వాళ్లకుంది. నేను మర్యాదగా, తేదీలతో సహా, ఒక్క పేజీలో రాశాను. మర్నాడే సీనియర్ సొలిసిటర్ ఫోన్ చేసి ఫైలు తన చేతిలోకి తీసుకుంది. ఇంకో మాట, జవాబు రాని ఎంక్వైరీల జాబితా, ఏది ఏ తేదీన పంపారో రాసి ఇమ్మని అడగండి. అదే జాబితా ఏజెంట్‌కి పంపితే అవతలివాళ్ల మాట నిజమో కాదో తేలిపోతుంది.

లెస్టర్ పారాలీగల్
ఇప్పుడు మార్చడం మాత్రం వద్దు. చేసిన పనికి బిల్లు కట్టాలి, కొత్తవాళ్లు మీ బ్యాంకు ప్యానెల్‌లో (బ్యాంకు ఒప్పుకున్న సొలిసిటర్ల జాబితాలో) ఉండాలి, చెకింగ్ అంతా మొదటికొస్తుంది. బ్రోకర్ చేత ఆఫర్ పొడిగింపు ఇప్పుడే అడిగించండి. జీతం, ఉద్యోగం మారకపోతే చాలా బ్యాంకులు ఇస్తాయి.

రెడింగ్ కొత్త ఇల్లు
అందరికీ చాలా థ్యాంక్స్. ఫ్లాట్ సంగతి సొలిసిటర్‌కి రాశాను. జాబితా కూడా అడిగాను, వచ్చింది. డ్రైనేజీ మీద ఒక ప్రశ్న అసలు అవతలివాళ్లకు పంపనే లేదు! స్టాంప్ డ్యూటీ విషయం నాన్నగారితో మాట్లాడాలి, లెక్క మొత్తం మారిపోయింది. ఇంకో విషయం, కంప్లీషన్ (డబ్బు కట్టి తాళాలు తీసుకునే రోజు) శుక్రవారం పెడదామంటున్నారు, అమ్మ ఆ రోజు ముహూర్తం లేదంటోంది.

హౌన్‌స్లో అక్క
శుక్రవారం వద్దే వద్దు. అందరూ ఆ రోజే పెట్టుకుంటారు, డబ్బు సాయంత్రందాకా చేరకపోతే సామాను వ్యానులో, మీరు రోడ్డు మీద, సోమవారందాకా. మంగళవారమో బుధవారమో అడుగు. తాళాలు తీసుకోవడానికి ముహూర్తం అక్కర్లేదని అమ్మగారికి చెప్పు, పాలు పొంగించేది మంచి రోజు చూసి పెట్టుకోవచ్చు.

కోవెంట్రీ గోదారోడు
మంగళవారం తాళాలు తీసుకోమంటారా అక్కా? మా ఇంట్లో అయితే అస్సలు ఒప్పుకోరు.