మధ్యస్థాయి పికప్ కొనాలా, ఆఫ్‌రోడ్ ఎస్‌యూవీ కొనాలా? వాడినవారు చెప్పండి

మట్టిబాట:
మా ఇంట్లో ఒక్క వాహనానికే చోటుంది. నేను, నా భార్య, ఇద్దరు పిల్లలు వారాంతాల్లో రాళ్లదారులు, ఇసుకదారులు పట్టి వెళ్తుంటాము. అప్పుడప్పుడు పడవను ఎక్కించిన ట్రైలర్‌ను కూడా లాగవలసి వస్తుంది. టయోటాలో హైలక్స్, ఫార్చ్యూనర్, ఫోర్డ్‌లో రేంజర్, ఎవరెస్ట్, ఇసుజులో డీ-మ్యాక్స్, ఎంయూ-ఎక్స్ జంటలను పరిశీలించాను. ప్రతి జంటలో మొదటిది వెనుక తొట్టి ఉన్న పికప్, రెండోది ఎస్‌యూవీ. ప్రతి జంటకూ ల్యాడర్ ఫ్రేమ్ ఛాసిస్ (అడుగున ఉండే నిచ్చెన ఆకారపు ఉక్కు చట్రం) మూలం ఒకటే, ఇంజన్లు కూడా చాలావరకు ఉమ్మడివే, కనుక అసలు తేడా వెనుక భాగంలోనే ఉన్నట్లు తోస్తోంది. పిల్లలకు వెనుక సీటు సుఖంగా ఉంటుందా, అవసరమైతే లోపలే పడుకోవచ్చా, ఇరుకు పార్కింగ్‌లో పికప్ పొడవు ఇబ్బంది పెడుతుందా, సామాను వానకూ దుమ్ముకూ తట్టుకుంటుందా, ట్రైలర్‌కు ఏది మేలు అన్నవి నా సందేహాలు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాళ్లదారి:
మిగతావన్నీ తరువాత, ముందు వీల్‌బేస్, అంటే ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం, చూడండి. హైలక్స్ డబుల్ క్యాబ్‌కు అది 3,085 మిల్లీమీటర్లు, ఫార్చ్యూనర్‌కు 2,745. కాగితం మీద ఈ తేడా చిన్నదిగానే కనిపిస్తుంది గాని, నిటారు గట్టు ఎక్కి అవతలికి దిగేటప్పుడు బండి నడుము నేలకు ఆనుతుందా లేదా అన్నది దానితోనే తేలుతుంది. ఒకే మూలం నుంచి వచ్చిన జీప్ జంటలో ఈ విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఎస్‌యూవీ అయిన నాలుగు తలుపుల ర్యాంగ్లర్ రూబికాన్ నడుము ఆనకుండా 22.6 డిగ్రీల గట్టు దాటగలదు, పికప్ అయిన గ్లాడియేటర్ రూబికాన్‌కు అది 20.3 డిగ్రీలే. వెనుక బంపర్ తగలకుండా దిగగల కోణం ర్యాంగ్లర్‌కు 37 డిగ్రీల దగ్గర ఉంటే గ్లాడియేటర్‌కు 26 దగ్గరే ఆగిపోతుంది. రెండింటికీ ముందూ వెనుకా డిఫరెన్షియల్ లాకులు (ఎడమ, కుడి చక్రాలను ఒకే వేగంతో తిప్పేవి) ఉన్నాయి, లో రేంజ్ (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేరు) నిష్పత్తి కూడా ఒకటే. అంటే ఇంజనీర్లు అన్నీ సమానంగా ఇచ్చినా పొడవు మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. మేము వెళ్లే ఎండిన వాగు దారిలో చిన్న ఎస్‌యూవీలు నింపాదిగా దాటే బండల దగ్గర, పొడవాటి పికప్‌ల తోకలు గీరుకుపోవడం నేను పదేపదే చూశాను. రాళ్లదారే మీకు ప్రధానమైతే ఎస్‌యూవీ తీసుకోండి, ఇందులో తర్జనభర్జన అనవసరం.

బరువుబండి:
రాళ్లదారి గారు చెప్పే బండలు ఎంతమందికి ఎదురవుతాయి? నేను చాలా ఏళ్లుగా పికప్ నడుపుతున్నాను. బురద పట్టిన గొడుగులు, తడిసిన గుడారం, చేపల బుట్ట, డీజిల్ డబ్బా, ఏదైనా వెనుక తొట్టిలో పడేసి ఇంటికి రాగానే పైపుతో కడిగేస్తాను. ఎస్‌యూవీలో అయితే ఆ డీజిల్ వాసన పిల్లల ముక్కుల దగ్గరే ఉంటుంది. పైగా నా పికప్ దాదాపు ఒక టన్ను మోస్తుంది, 3,500 కిలోల ట్రైలర్ లాగుతుంది. తొట్టి నిండా సామాను, పైన క్యాంపర్ (పడుకునే గది), వెనుక ట్రైలర్ పెట్టుకుని కొండలు దాటాను. వెనుక కొంచెం కుంగుతోందని స్ప్రింగులకు తోడుగా గాలి సంచులు (ఎయిర్ బ్యాగులు) వేయించాక బండి నేలకు సమంగా నిలబడింది. ఇంతకన్నా ఏం కావాలి? మట్టిబాట గారూ, కళ్లు మూసుకుని పికప్ తీసుకోండి.

కమానుకట్ట:
పై మాట చదివి ఊరుకోలేకపోతున్నాను. సస్పెన్షన్ పని నా వృత్తి. క్యాబ్‌కూ తొట్టికీ మధ్య ఛాసిస్ వంగిపోయిన పికప్‌లను నా షెడ్డులో తిన్నగా చేసే ప్రయత్నం ఎన్నోసార్లు చేశాను. వాటిలో ఎక్కువ వాటికి ఎయిర్ బ్యాగులు వేసి ఉన్నాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. కమాన్ కట్ట, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగు, ఛాసిస్‌ను రెండుచోట్ల, ఇరుసుకు ముందు ఒకచోట, వెనుక ఒకచోట పట్టుకుని బరువును పంచుకుంటుంది. కట్టకూ ఛాసిస్‌కూ మధ్య గాలి సంచి పెట్టి నింపితే బరువులో పెద్ద భాగం ఇరుసుకు సరిగ్గా పైన ఒకేచోట పైకి తన్నుతుంది. తొట్టి చివరి బరువు, ట్రైలర్ కొక్కెం బరువు ఆ చోటికి వెనుక నుంచి కిందికి లాగుతూ ఉంటాయి. గుంతలో పడిన ప్రతిసారీ ఆ లాగుడు ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఛాసిస్ వంగేది అప్పుడే.

ఇంకొక లెక్క కూడా వినండి. 3,500 కిలోల ట్రైలర్ బరువులో పదో వంతు, అంటే 350 కిలోలు, కొక్కెం మీద పడుతుంది. కొక్కెం వెనుక ఇరుసుకు 1.2 మీటర్ల వెనుక ఉండి, వీల్‌బేస్ 3.1 మీటర్లయితే వెనుక ఇరుసు మీద పెరిగే బరువు 350 కాదు, దాదాపు 485 కిలోలు. ఆ మిగతా 135 కిలోలు ముందు చక్రాల మీది నుంచి తగ్గుతాయి. ఏతాము కొయ్యకు ఒక కొసన బరువు వేస్తే రెండో కొస లేచినట్లు, స్టీరింగు తిప్పవలసిన చక్రాలు, ఎక్కువగా బ్రేకు వేయవలసిన చక్రాలు తేలికవుతాయి. గాలి సంచి నింపితే బండి సమంగా కనిపిస్తుందే తప్ప ఇరుసు మీద ఒక్క కిలో కూడా తగ్గదు. కంటికి సమంగా కనిపించడమే ఇక్కడి ప్రమాదం. తెలియనివారికి ఇటువంటి సలహా ఇవ్వడం నేరం.

బరువుబండి:
నేరం అనే మాట వాడేముందు ఆలోచించాలి. షెడ్డుకు వచ్చేవన్నీ చెడిపోయిన బళ్లే. చెడిపోనివి మీ కంట పడవు. నా బండి ఛాసిస్ ఇప్పటికీ తిన్నగానే ఉంది. గాలి సంచుల తయారీదారులు కూడా ఎంత బరువుకు ఎంత గాలి పెట్టాలో రాసి ఇస్తారు, నేను ఆ హద్దు దాటలేదు. మీ వృత్తి మీద గౌరవం ఉంది గాని, నా అనుభవం అబద్ధమని మీరు తేల్చలేరు.

లెక్కలపుస్తకం:
ఇద్దరూ గాలి సంచుల దగ్గరే ఆగిపోయారు. టన్ను మోత, 3,500 కిలోల లాగుడు ఒకేసారి సాధ్యమా అన్నది నాకు అంతకన్నా ముఖ్యమైన ప్రశ్న. ఒక పికప్ ఖాళీ బరువు 2,100 కిలోలు, జీవీఎం అనే మొత్తం బరువు హద్దు 3,050, బండీ ట్రైలరూ కలిపిన జీసీఎం హద్దు 5,850 అనుకుందాం. మోతకు మిగిలేది 950 కిలోలు. కొక్కెం బరువు 350 తీసివేస్తే 600. నలుగురు మనుషులకు 280 పోతే 320. కనోపీ (తొట్టి మీద బిగించే మూత), ఇనుప బంపర్, వించ్ (బండిని లాగే తాడు యంత్రం) కలిసి 170 అనుకుంటే 150. సొరుగులు, ఫ్రిజ్, రెండో బ్యాటరీకి 100 పోతే 50. ఒక్క యాభై లీటర్ల నీళ్ల డబ్బాతో లెక్క సున్నాకు వస్తుంది, ఇంకా ఒక్క సంచి కూడా ఎక్కించలేదు.

జీసీఎం వైపు నుంచి చూస్తే పరిస్థితి మరీ ఇరుకు. 5,850లో ట్రైలర్‌కు 3,500 పోతే బండికి మిగిలేది 2,350. ఖాళీ బరువు తీసేస్తే మనుషులకూ సామానుకూ కలిపి 250 కిలోలే. నలుగురు కూర్చుంటేనే హద్దు దాటిపోయింది. ప్రకటనలో ఈ రెండు పెద్ద అంకెలనూ పక్కపక్కనే అచ్చు వేస్తారు, రెండూ కలిసి రావని మాత్రం చిన్న అక్షరాల్లోకి వెళ్తేనే తెలుస్తుంది. ఎస్‌యూవీకి మోత హద్దు ఇంకా తక్కువ, సాధారణంగా 600, 700 కిలోల మధ్య ఉంటుంది. అందువల్ల ఎస్‌యూవీ వైపువారు కూడా సంబరపడవలసిన పనిలేదు. పైకప్పు మీద వేసే సామానుకు మరో విడి హద్దు ఉంది, అది చాలా బళ్లకు వంద కిలోల లోపే. క్యారియర్ బరువు కూడా అందులోకే వస్తుంది.

పిల్లలబండి:
మట్టిబాట గారు మొదట అడిగింది పిల్లల గురించి. ఆ మాట ఎవరూ ఎత్తలేదు. నేను పికప్ వదిలి ఎస్‌యూవీకి మారింది పూర్తిగా వెనుక సీటు వల్లనే. పికప్‌లో తొట్టికి చోటు ఇవ్వడం కోసం వెనుక సీటు వీపును దాదాపు నిటారుగా పెడతారు. పిల్లలు నిద్రపోతే తలలు ముందుకు వాలిపోతాయి. టన్ను మోయడానికి కట్టిన కమాన్ కట్టలు ఖాళీ తొట్టితో అసలు అణగవు, గతుకుల దారిలో వెనుక ఇరుసు గెంతుతూ ఉంటుంది, మా చిన్నవాడికి ప్రతి ప్రయాణంలోనూ వాంతులే. ఇప్పుడున్న ఎస్‌యూవీకి వెనుక కాయిల్ స్ప్రింగులు (చుట్ట స్ప్రింగులు), ఇరుసును పట్టి ఉంచే లింకులు ఉన్నాయి. అదే దారిలో వాడు కథలు చెబుతూ వస్తున్నాడు. వాన పడ్డ రోడ్డు మీద ఖాళీ పికప్ వెనుక చక్రాలు జారినట్లు ఇది జారడం కూడా నేను చూడలేదు. కొనేముందు పిల్లలను వెనుక కూర్చోబెట్టి గతుకుల దారిలో తప్పక నడిపి చూడండి.

కమానుకట్ట:
పికప్ అంటే కమాన్ కట్టలే అని తీర్మానించవద్దు. గ్లాడియేటర్‌కు వెనుక కూడా కాయిల్ స్ప్రింగులే. 2024లో వచ్చిన టయోటా టకోమా పికప్‌లో ఎక్కువ రకాలకు కాయిళ్లు ఇచ్చారు. కమాన్ కట్టలే ఉన్న బండికైనా ఎప్పుడూ మోసే బరువును బట్టి పట్టీల సంఖ్య తగ్గించి, మెత్తని కట్ట వేయించుకోవచ్చు. అలా చేస్తే మోత తగ్గుతుందని కూడా గుర్తుంచుకోవాలి. బరువుబండి గారికి ఒక మాట: మీ అనుభవం అబద్ధమని నేను అనలేదు. లోహం అలసట పైకి కనిపించకుండా పేరుకుంటుందని మాత్రమే నా ఆందోళన.

ఎడారిగాలి:
దుమ్ము గురించి నేను చెబుతాను. దీని మీద నాకు కడుపుమంట ఉంది. పికప్ తొట్టికి కనోపీ పెట్టించిన ప్రతివారూ ఇక సామాను భద్రమే అనుకుంటారు. మట్టిరోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడు బండి వెనుక గాలి ఒత్తిడి పడిపోయి, లేచిన దుమ్మంతా అక్కడే సుడులు తిరుగుతుంది. తొట్టి వెనుక పలకకూ అంచులకూ మధ్య ఉన్న సందుల్లోంచి అది లోపలికి చేరుతుంది. బియ్యం, పరుపులు, కెమెరా, దేన్నీ వదలదు. ఆ సందులన్నిటికీ రబ్బరు సీలు వేయించాలి, కనోపీ పైన ముందు వైపు గాలి లోపలికి తోసే వెంట్ పెట్టించాలి. లోపలి ఒత్తిడి బయటికన్నా కొంచెం ఎక్కువైతేనే దుమ్ము ఆగుతుంది. ఎస్‌యూవీ వెనుక తలుపుకు ఫ్యాక్టరీ సీలు ఉంటుంది కనుక ఈ బాధ చాలావరకు ఉండదు. అయితే వెనుక అద్దం తెరిచి నడిపితే అక్కడ కూడా ఇదే కథ, దుమ్ముతో పాటు పొగ కూడా లోపలికి వస్తుంది.

మట్టిబాట:
అందరికీ కృతజ్ఞతలు. నా ట్రైలర్ పడవతో కలిపి 1,500 కిలోల లోపే ఉంటుంది. అంటే లాగుడు విషయంలో రెండూ చాలునని లెక్కలపుస్తకం గారి లెక్కను బట్టి అనుకుంటున్నాను. లోపల పడుకోవడం గురించి, పార్కింగ్ గురించి ఎవరైనా చెబుతారా?

రాళ్లదారి:
పడుకోవాలంటే మూడో వరుస సీట్లు ఎలా ముడుచుకుంటాయో చూడండి. ఫార్చ్యూనర్‌లో అవి రెండు పక్కలకూ లేచి నిలబడతాయి కనుక వెడల్పు తగ్గుతుంది. కొన్ని ఎస్‌యూవీల్లో అవి నేలలోకి మడుచుకుంటాయి. 1,500 కిలోల ట్రైలర్‌కు రెండూ చాలు అన్నారు గాని, పడవను నీటిలోకి దించే తడి ర్యాంపు మీద లో రేంజ్ ఉండాలి. అది రెండు రకాల బళ్లలోనూ దొరుకుతుంది. పార్ట్‌టైమ్ ఫోర్‌వీల్ (అవసరమైనప్పుడే నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఏర్పాటు) ఉన్న బండిని పొడి తారురోడ్డు మీద ఆ మోడ్‌లో ఎప్పుడూ తిప్పకండి. ముందు, వెనుక ఇరుసులు ఒకే వేగంతో తిరగవలసి వచ్చి మలుపుల్లో గేర్లన్నీ బిగుసుకుంటాయి. మిత్సుబిషి సూపర్ సెలెక్ట్ వంటి, ముందు, వెనుక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఉన్నవాటికి ఈ చిక్కు లేదు, వాన రోడ్డు మీద అది పెద్ద వరం.

లెక్కలపుస్తకం:
రాళ్లదారి గారూ, వీల్‌బేస్ గురించి మీరు చెప్పింది ఒక పక్షమే. నిటారు ఎక్కుడులో పొడవైన బండికే నిలకడ ఎక్కువ. ముందు చక్రాల బరువు వెనక్కి జారడం తక్కువగా ఉంటుంది. ట్రైలర్ ఊగిసలాటను కూడా పొడవైన వీల్‌బేస్ బాగా అణచుతుంది. 2,250 మిల్లీమీటర్ల వీల్‌బేస్ ఉన్న మూడు తలుపుల సుజుకీ జిమ్నీ గుట్టల మీద గొప్పగా నడుస్తుంది. అలాగని దాని వెనుక పెద్ద ట్రైలర్ కట్టమని మీరు కూడా చెప్పరు.

రాళ్లదారి:
ఒప్పుకుంటాను, కానీ ఆయన ట్రైలర్ కట్టేది అప్పుడప్పుడే, రాళ్ల మీదికి వెళ్లేది ప్రతి వారాంతం.

బరువుబండి:
మళ్లీ ఎస్‌యూవీ భజనే మొదలైంది. కమానుకట్ట గారి మాట మాత్రం నేను వదలను. ఈ వారమే నా బండిని కాటా మీద పెట్టించి, ముందు ఇరుసు, వెనుక ఇరుసు బరువులు విడివిడిగా తూయించి ఇక్కడ రాస్తాను. తయారీదారు హద్దుల లోపల ఉంటే నేరం అన్న మాట వెనక్కి తీసుకోవాలి.

కమానుకట్ట:
సంతోషంగా తీసుకుంటాను. తొట్టి నిండుగా, ట్యాంకు నిండుగా, మనుషులు కూర్చుని, ట్రైలర్ కొక్కేనికి తగిలించి ఉండగానే తూయించండి. ట్రైలర్ చక్రాలు మాత్రం కాటాకు బయట ఉండాలి.