‘వలస’ అనే ఒక్క మాట సరిపోతుందా?

అందరికీ నమస్కారం. పేగులోని రోగనిరోధక కణాల గురించిన వాక్యం ఒకటి ఇక్కడ పెట్టి, ‘మైగ్రేషన్’ అన్నా ‘హోమింగ్’ (కణం తన చోటికి చేరుకోవడం) అన్నా తెలుగులో ‘వలస’ అని రాసేస్తే చాలదా అని నిన్న ఒకరు అడిగారు. చాలదనే నా అభిప్రాయం. డిగ్రీ పిల్లల కోసం ఈ పాఠాన్నే తెలుగులో రాస్తూ నాలుగు రోజులుగా ఈ మాట దగ్గరే ఆగిపోయాను.

ముందు అక్కడ జరిగేదేమిటో చూద్దాం. రోగనిరోధక కణాల్లో టి కణం ఒక రకం. ఇంకా ఏ క్రిమినీ ఎరగని టి కణం రక్తంలోంచి లింఫ్ గ్రంథిలోకి, అక్కడి నుంచి లింఫ్ అనే ద్రవంలోకి, మళ్ళీ రక్తంలోకి ఆగకుండా తిరుగుతుంది. ఈ చుట్టు తిరగడాన్ని ఆక్స్‌ఫర్డ్‌లో జేమ్స్ గోవన్స్ ఎలుకల మీద నిరూపించి 1959లో ప్రకటించాడు. దీనికి ‘సంచారం’ చక్కగా సరిపోతుంది.

చిన్నపేగు గోడలో పేయర్ పాచెస్ అనే రోగనిరోధక కణాల గుంపులుంటాయి. వాటి పైపొరలోని ఎం కణాలు పేగులోని సరుకును కొద్దికొద్దిగా లోపలికి అందిస్తాయి. కొమ్మలు చాచుకున్న డెండ్రైటిక్ కణం దాన్ని అందుకుని, ముక్కలు చేసి, టి కణానికి చూపిస్తుంది. ఆ ముక్క సరిపోలిన టి కణం మేల్కొని, రెండు నాలుగై, నాలుగు ఎనిమిదై పెరుగుతుంది. పుస్తకాల్లో దీన్ని ‘క్రియాశీలత’ అంటున్నారు. నాకైతే ‘మేల్కొనడం’ నచ్చింది, పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

అసలు విశేషం ఆ తర్వాత ఉంది. పేగు దగ్గరి డెండ్రైటిక్ కణాలు విటమిన్ ఏ నుంచి రెటినోయిక్ ఆమ్లం తయారు చేస్తాయి. ఆ ఆమ్లం తగిలిన టి కణం ఒంటిమీద ఆల్ఫా4బీటా7 అనే ప్రోటీన్ కొక్కెం మొలుస్తుంది. కణం లింఫ్ వెంట బయల్దేరి, ఎడమ మెడ మొదట్లో పెద్ద సిరలో కలిసి, గుండె మీదుగా ఒళ్ళంతా తిరుగుతుంది. పేగు రక్తనాళాల గోడమీద మాత్రం ఆ కొక్కేనికి తగిన పట్టు ఉంటుంది. అక్కడ కణం దొర్లుతుంది, నెమ్మదిస్తుంది, అతుక్కుంటుంది, సందు చూసుకుని గోడలోంచి దూరుతుంది. దొర్లు, అతుకు, దూరు: ఈ మూడు క్రియల కోసం నేను నిఘంటువు తెరవనే లేదు!

ఇలా తాను మేల్కొన్న చోటికే తిరిగి వచ్చిన కణాన్ని వలస పోయిందని ఎలా అంటాం? వలస అనగానే పాలమూరు నుంచి మూట కట్టుకుని వెళ్ళినవాళ్ళు గుర్తొస్తారు. ఇక్కడ కణం వెళ్ళిపోవడం లేదు, ఇంటికి చేరుతోంది. అందుకే ‘హోమింగ్’కు ‘గూడు చేరడం’ అని రాశాను.

అలాగని ‘వలస’ను పూర్తిగా వదలొద్దు. తల్లి పేగులో మేల్కొన్న బి కణాల్లో (యాంటీబాడీలు తయారుచేసే రకం) కొన్ని పాలిచ్చే రోజుల్లో రొమ్ముకు చేరి, అక్కడే ఉండి, పాలలోకి ఐజీఏ యాంటీబాడీలు పంపుతాయి. తల్లి పేగు చూసిన క్రిములకు తగిన రక్షణ బిడ్డకు అందేది అలాగే. ఉత్తరాంధ్రలో ఆమదాలవలస, కొత్తవలస ఉన్నాయి కదా, వలస వచ్చినవాళ్ళు నిలిచిన ఊళ్ళు. ఈ బి కణాలదీ అలాంటి వలసే, ఇక్కడ ఆ మాటే అందం.

‘స్వస్థానాగమనం’ అందామన్న మాస్టారికి: అర్థం సరిగ్గానే ఉందండీ. కానీ ‘కణం స్వస్థానాగమనం చేసింది’ అని ఒకసారి పైకి చదవండి, నోరు తిరగదు. ‘హోమింగ్’ అనే ఉంచేద్దామన్న అక్కకు: టి కణం, లింఫ్ లాంటి పేర్లు అలాగే ఉంచాను, ఇబ్బంది లేదు. ఇది పేరు కాదక్కా, పని. పనికి తెలుగు క్రియ లేకపోతే వాక్యం నడవదు.

ఇది పాఠానికే పరిమితమైన సంగతీ కాదు. వెడోలిజుమాబ్ అనే మందు సరిగ్గా ఆ కొక్కేన్నే కప్పేస్తుంది. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ అనే పేగు వాపు జబ్బులకు దీన్ని వాడేందుకు అమెరికాలో 2014లో అనుమతి వచ్చింది. రోగికి ‘కణాల వలసను నిరోధిస్తుంది’ అని చెబితే టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది? ‘వాపు తెచ్చే కణాలు పేగుకు చేరకుండా అడ్డుకుంటుంది’ అంటే చాలు.

ఒక్క సందేహం మిగిలింది. ‘గూడు’ అంటే పిట్టలదే అనిపిస్తుందేమో. మీ వైపు సాయంత్రం పశువులు మేత నుంచి దొడ్డి చేరడాన్ని ఏమంటారు? మళ్ళడమా, మర్లడమా, ఇంకేదైనా ఉందా? ఏ జిల్లా మాటో కూడా రాయండి.