బస్తీ ఫోటో అంటే బ్లాక్ అండ్ వైటేనా?

లాడ్‌బజార్_లెన్స్:
పాతబస్తీ మీద ఒక ఫోటో ప్రదర్శన చూసొచ్చి కడుపు మండి రాస్తున్నా. ఒక్కటంటే ఒక్క రంగు ఫోటో లేదు. లక్కగాజుల కొట్టుని కూడా బూడిదలో ముంచారు, అసలు ఆ గాజుల్లోంచి రంగు తీసేస్తే ఇంకేం మిగులుతుందండీ? సెల్‌ఫోనో, కొత్త బైకో కనపడితే తప్ప ఆ ఫోటో నిన్నటిదో 1970 నాటిదో చెప్పలేం. కలిగినవాళ్ళ పెళ్ళిళ్ళకేమో రంగులు, బస్తీ జనానికి బూడిదా? బతికున్నవాళ్ళని పాత జ్ఞాపకాలుగా మార్చేస్తున్నారు, ఇదీ నా కంప్లైంటు.

డార్క్‌రూమ్_తాత:
గాజుల కొట్టు వరకు నీతోనే ఉన్నా నాయనా. దాన్ని పట్టుకుని మొత్తం కొట్టిపారేస్తే మాత్రం ఊరుకోను. అమెరికా ఫోటోగ్రాఫర్ రాయ్ డికరావా 1919లో న్యూయార్క్‌లో నల్లజాతివాళ్ళ పేట హార్లెమ్‌లోనే పుట్టాడు. 1952లో గగ్గెన్‌హైమ్ ఫెలోషిప్ వస్తే ఆ డబ్బుతో తన పేటనే తీశాడు, వంటిళ్ళు, మెట్లు, పిల్లల్ని ఎత్తుకున్న తండ్రులు. 1955లో వాటికి కవి లాంగ్‌స్టన్ హ్యూస్ కథ అల్లితే పుస్తకమైంది. అతని ప్రింట్లు ఎంత చీకటిగా ఉంటాయంటే మొదట ఏమీ కనపడదు, కాస్త నిలబడి చూస్తే ఆ నలుపులోంచే ఒక చెంప, ఒక చొక్కా మడత మెల్లగా తేలతాయి. దీన్ని పాత జ్ఞాపకం అంటావా? ఇంకోటి, మన ఇళ్ళలో ఒకే గదిలో ట్యూబ్‌లైటు, ఎల్‌ఈడీ బల్బు, కిటికీలోంచి ఎండ మూడూ ఉంటాయి. సగం మొహం పసుపు, సగం నీలం. తెలుపు తెల్లగానే వచ్చేలా చేసే వైట్ బ్యాలెన్స్‌ని దేనికని సరిచేస్తావు?

గ్రెయిన్_గౌరి:
తాతగారూ, డికరావా ఆ పేట మనిషి కదా, అసలు గొడవ బయటివాళ్ళతో. ఫోటోగ్రాఫర్ బ్రూస్ డేవిడ్‌సన్‌ని తీసుకోండి. 1966 నుంచి 68 దాకా ఈస్ట్ హార్లెమ్‌లో 100వ వీధిలో ఒక్క బ్లాకునే తీశాడు. దొంగచాటుగా కాదు, ట్రైపాడ్ మీద పెద్ద వ్యూ కెమెరా పెట్టి, అక్కడి కమిటీని అడిగి, ఫోటో దిగినవాళ్ళకి ప్రింట్లిచ్చి మరీ. అయినా 1970లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శన పెట్టినప్పుడు విమర్శలు తప్పలేదు, బయటివాడు మా చీకటే చూశాడన్నారు. అంత పద్ధతిగా చేసినవాడికే అలా అయితే, ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గర దిగి మధ్యాహ్నానికి బిర్యానీ తిని వెళ్ళిపోయే మన ఫోటోవాక్ బ్యాచ్ సంగతేంటి?

లాడ్‌బజార్_లెన్స్:
గౌరిగారూ, అదే డేవిడ్‌సన్ 1980లో న్యూయార్క్ సబ్‌వేలోకి దిగి రంగులో తీశాడు. రైలు పెట్టెల మీది ఆ రంగురంగుల రాతల్ని, గ్రాఫిటీని, బ్లాక్ అండ్ వైట్‌లో ఊహించుకోండి. మన ఫోటోగ్రాఫర్ రఘుబీర్ సింగ్ అయితే 1999లో పోయేదాకా రంగునే నమ్ముకున్నాడు, బ్లాక్ అండ్ వైట్‌లో ఉన్న దిగులు పడమటివాళ్ళది, మన చూపు రంగుల్లోనే ఉంటుందని వాదించాడు కూడా.

డార్క్‌రూమ్_తాత:
రఘుబీర్ సింగ్ మాట వేదవాక్కేం కాదు, ఫోటోగ్రాఫర్ రఘు రాయ్ బ్లాక్ అండ్ వైట్‌లో తీసిన ఢిల్లీ గల్లీలు చూసి మాట్లాడు. ఆ రోజుల్లో రంగు ఫిల్మ్ కొడాక్రోమ్ స్పీడు, అంటే వెలుగుని పట్టే శక్తి, 25, బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్ ట్రై-ఎక్స్‌ది 400, అంటే నాలుగు స్టాప్‌ల తేడా, రంగుకి పదహారు రెట్లు వెలుగు కావాలి. చీకటి గదిలో చేత్తో పట్టుకుని తీయాలంటే రంగు అనే మాటే లేదు.

గల్లీ_నంబర్_మూడు:
ఆ రోజుల సంగతి సరే, ఇప్పుడు ఫోన్లో కూడా చీకట్లో రంగు వస్తుంది కదా తాతా. మాది ధూల్‌పేట పక్కన. బోనాలకి ముందు అమ్మ పట్టుబట్టి ఇంటికి చిలకపచ్చ రంగు వేయించింది. తర్వాత ఒకాయన కెమెరాతో వచ్చి మా నాయనమ్మని గుమ్మంలో కూర్చోబెట్టి ఫోటో తీసుకుపోయాడు. ఇన్‌స్టాలో చూస్తే కొత్త గోడ మసిబారినట్టుంది, నాయనమ్మ ఎవరూ లేనిదానిలా ఉంది. ఫోటో బాగుంది, అబద్ధమెందుకు. ఆమెకి చూపిస్తే, పండగ ముందు తీశాడా ఇది, రంగు వెయ్యలేదే, అంది.

గ్రెయిన్_గౌరి:
ఆవిడకి ప్రింట్ ఇచ్చారా?

గల్లీ_నంబర్_మూడు:
ప్రింటా! పేరు కూడా అడగలేదు మేడమ్. కింద మాత్రం ‘కాలం మరిచిన ముఖం’ అని రాశాడు. మా నాయనమ్మ రోజూ యూట్యూబ్‌లో సీరియళ్ళు చూస్తుంది.

డార్క్‌రూమ్_తాత:
ఆ రాసినవాడి తప్పుని ఫోటో మీదికి నెట్టకండి.

లాడ్‌బజార్_లెన్స్:
రంగు తీసేశాకే కదా తాతా ఆయనకి ఆ మాట తట్టింది? చిలకపచ్చ గోడ కనపడుతుంటే దాని కింద అలా రాయగలడా?

డార్క్‌రూమ్_తాత:
రాస్తాడు. అలాంటివాడు ఆవిడ చేతిలో ఐఫోన్ పెట్టినా రాస్తాడు.