సమస్యాపూరణం: మూత కుదిరెను మూతను ముట్టకుండ

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతి ఛందస్సులో ఒక పాదం. ఇది చివరి పాదంగా వచ్చేటట్టు ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

మూత కుదిరెను మూతను ముట్టకుండ

ఈసారి విషయం కూడా నేనే ఇస్తున్నాను: పాత అంబాసిడర్ కారు బానెట్, అంటే ఇంజను మీది మూత. ఈ పాదం నాకు ఎలా దొరికిందో చెబితే పూరించేవారికి దారి తెలుస్తుంది.

మా ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఉన్న బండి అది. బానెట్ మూస్తే ఎడమ మూల వేలెడు మందం పైకి లేచి ఉండేది. ఆ వైపు సందులో చిటికెనవేలు దూరేది. కుడివైపు ఫెండరుకూ (ముందు చక్రం మీది రేకుకూ) బానెట్‌కూ మధ్య పోస్టుకార్డు కూడా దూరేది కాదు. అక్కడ రంగు గీసుకుపోయి ఇనుము కనిపించేది. ఒక షెడ్డులో ఇస్తే లేచిన మూలమీద చెక్క పెట్టి సుత్తితో కొట్టారు. మిగిలిన ఎత్తుపల్లాలకు లప్పం పూసి, రంగు వేసి పంపారు. ఏడాది తిరగకుండానే లప్పం పగిలింది. చివరికి ఒక పెద్ద మేస్త్రీని పిలిపించాను. ఆయన బానెట్ వంక చూడనే లేదు. ముందు చక్రం పక్కన గొంతుకూర్చుని, లోపల తడిమి చూసి, ‘జబ్బు మూతలో లేదండి, కుండ అంచులో ఉంది’ అన్నాడు. ఆ మాటే ఈ సమస్య.

ఫెండరు, బోల్టు, లాకు వంటి మాటలు వాడుకోవచ్చు. యతి, అంటే పాదం మొదటి అక్షరానికి పాదం నడుమ జోడీ అక్షరం కుదరడం, మాత్రం తప్పకూడదు. మూత ఎందుకు కుదరలేదో, ఎలా కుదిరిందో పద్యం చదివినవారికి తెలియాలి.

విజయవాడ సభ్యులు:

పక్క ఫెండరు బోల్టులు వదులు చేసి
సందు సమముగ నుండగ జరిపి బిగియ
గట్టి పరచగ నిరువైపు గడియ లోనె
మూత కుదిరెను మూతను ముట్టకుండ

నిర్వాహకుడు:

మంచి ఆరంభం. అసలు కిటుకును మొదటి పాదంలోనే పట్టుకున్నారు. ఫెండరును బిగించే బోల్టుల రంధ్రాలు బోల్టుకంటే కాస్త పెద్దవిగా ఉంటాయి. వదులు చేస్తే ఫెండరు రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ జరుగుతుంది. చాలా బండ్లకు ఆ మాత్రం చాలు. ‘పక్క – వదులు’ ప, వ ల యతి సరిపోయింది.

రెండు లోపాలున్నాయి. ‘బిగియ’ అన్నాక ‘గట్టి పరచగ’ అంటే పునరుక్తి. ‘గడియ లోనె’ అన్నది యతికోసం వచ్చిన మాట. గడియ అంటే 24 నిమిషాలు. ఇది అంత త్వరగా తెమిలే పని కాదు. ఒక బోల్టు వదులు చేయడం, వెంట్రుకవాసి జరపడం, బిగించడం, మూసి చూడడం, మళ్ళీ వదులు చేయడం. నాకు రెండు పూటలు పట్టింది. ఆ ఓపిక పద్యంలో వినిపించాలి. ఇలా అందామా?

పక్క ఫెండరు బోల్టులు వదులు చేసి
సందు సమముగ నుండగ జరిపి జరిపి
గట్టి పరచగ నిరువైపు కడకు నేడు
మూత కుదిరెను మూతను ముట్టకుండ

విజయవాడ సభ్యులు:

ధన్యవాదాలు గురువుగారూ. ‘జరిపి జరిపి’తో పద్యానికి ప్రాణం వచ్చింది. సందు ‘సమముగ’ ఉందని చేతితో తడిమి చెప్పగలమా, కొలత ఏమైనా ఉందా?

నిర్వాహకుడు:

పాత బండికి నాలుగైదు మిల్లీమీటర్ల సందు ఉంటే అందంగా ఉంటుంది. నేను అంత మందమున్న చెక్కముక్కను అంచు పొడవునా నడిపించి చూస్తాను. ఎక్కడ ఆగితే అక్కడ బిగుతు, ఎక్కడ ఊగితే అక్కడ వదులు. లోపల ఎంత ఎడం ఉందో తెలియకపోతే, చపాతీపిండి చిన్న ముద్దలు చేసి అంచుల కింద అక్కడక్కడ పెట్టి బానెట్‌ను మెల్లగా దించండి. పిండి బానెట్‌కు అంటుకోకుండా పైన పలచని ప్లాస్టిక్ కాగితం వేయాలి. ఎత్తి చూస్తే ప్రతి ముద్దా ఒక్కొక్క మందాన నలిగి ఉంటుంది. ఎడమ మూలన ముద్ద ముద్దగానే మిగిలి, కుడి మూలన అప్పడమైతే జబ్బు ఎటు ఉందో ఇక ఎవరినీ అడగనక్కరలేదు.

రాజమండ్రి సభ్యులు:

తుప్పు పట్టిన కీలుకు తొలుత నేను
నూనె చుక్కలు వేసితి నొక్క రేయి
వేకువను వచ్చి యాడింప వెన్నవోలె
మూత కుదిరెను మూతను ముట్టకుండ

గుంటూరు సభ్యురాలు:

పద్యం హాయిగా నడిచింది. కానీ ఒక సందేహం. కీలును ఆడించాలంటే బానెట్‌ను ఎత్తి దించాలి కదా! మూతను ముట్టినట్టే. సమస్య దెబ్బతినలేదా?

నిర్వాహకుడు:

అమ్మా, సరైన చోట పట్టుకున్నారు. తెరవడం, మూయడం ముట్టడం కిందికి రాదని, ఆకారం మార్చడమే ముట్టడమని విజయవాడవారి పద్యానికి నేను సర్దుకున్నాను. అక్కడ చేయి ఫెండరుమీద ఉంది. ఇక్కడ ‘యాడింప’ అనగానే చేయి మూతమీదే కనిపిస్తోంది. విషయం మాత్రం ముమ్మాటికీ నిజం. అద్దం కింద ఉండే కీళ్ళు తుప్పుతో బిగుసుకుంటే బానెట్ వెనుక అంచు దిగదు, గూనిలా లేచి ఉంటుంది. అప్పుడు పైనుంచి అదిమితే రేకు వంగుతుంది. ఆ వంపు మళ్ళీ పోదు.

రాజమండ్రి సభ్యులు:

నిజమే. నేను చేసినప్పుడు రంగుకోసం బానెట్ విప్పి పక్కన పెట్టి ఉంది. కీళ్ళు మాత్రమే బండికి ఉన్నాయి. ఆ సంగతి పద్యంలోకి రాలేదు. మూడో పాదం మారుస్తున్నాను.

తుప్పు పట్టిన కీలుకు తొలుత నేను
నూనె చుక్కలు వేసితి నొక్క రేయి
కీలు మాత్రమె యాడించి గెలిచినాడ
మూత కుదిరెను మూతను ముట్టకుండ

నిర్వాహకుడు:

అన్వయం కుదిరింది. వెన్న పోయినందుకు బాధగానే ఉంది, అయినా ఇదే నిలుస్తుంది. విప్పేవారికి ఒక మాట. కీలు రెక్క చుట్టూ ముందుగా పెన్సిలుతో గీత గీసుకోండి. తిరిగి బిగించేటప్పుడు ఆ గీతే దిక్కు. ఒక్కరే విప్పకండి, రెండో మనిషి లేకపోతే బానెట్ మూల జారి అద్దానికి తగులుతుంది.

న్యూజెర్సీ సభ్యులు:

నాది మొదటి ప్రయత్నం. ఇండియాలో మా తమ్ముడి బండికి జరిగింది.

గడియ పిన్నును విప్పగ మూత వదిలె
లాగి పట్టిన దంతయు లాకు గాదె
పిన్ను నరచుట్టు త్రిప్పగ బిగువు సడలి
మూత కుదిరెను మూతను ముట్టకుండ

నిర్వాహకుడు:

మొదటి ప్రయత్నమని మీరు చెబితే తప్ప తెలియదు. మొదటి పాదంలో యతి తప్పింది. ‘గ’కు ‘మూ’ చెల్లదు. ‘గడియ పిన్నును విప్పగ కదలె నంత’ అంటే సరి. తక్కిన మూడు పాదాలూ నిర్దోషం. మూడో పాదంలో ‘అరచుట్టు’ నాకు చాలా నచ్చింది. చేసినవారికే తెలిసే కొలత అది.

ఈ పూరణలో ఉన్న వైద్యం చాలామంది మరిచిపోయేది. బానెట్ సరిచేయాలనుకుంటే మొట్టమొదట ముందున్న లాకు పిన్ను తీసేయాలి. లాకు ఒక పక్కకు ఉంటే మూసిన ప్రతిసారీ బానెట్‌ను తనవైపు లాక్కుంటుంది. మనం కీళ్ళు సరిచేస్తూ ఉంటాం, అది చెడగొడుతూ ఉంటుంది. కీళ్ళు, ఫెండర్లు, ఎత్తు అన్నీ కుదిరాక చివర్లో పిన్ను బిగించి, అది తనంతట తాను గూట్లో దిగేటట్టు లాకును జరపాలి.

రాజమండ్రి సభ్యులు:

‘లాకు’ అనగానే మా గోదావరి వైపువాళ్ళకు కాలువ మీది లాకులు కళ్ళముందుకొస్తాయి. పైపాదంలో ‘గడియ’ ఉండబట్టి అర్థం నిలిచింది. ఆ మాట అక్కడ ఉండడమే మంచిదైంది.

గుంటూరు సభ్యురాలు:

అరిగె రబ్బరు దిండ్లని యరసి చూచి
కొత్తవానిని దొడిగితి క్రుంగకుండ
నాన్న చేతుల నాటిదౌ నవ్వు మెరిసె
మూత కుదిరెను మూతను ముట్టకుండ

నాన్నగారు పోయాక నాలుగేళ్ళు బండి పాకలోనే ఉంది. ముందు మూలల్లో రబ్బర్లు ఎండి పిండిపిండి అయ్యాయి. బానెట్ కిందికి కుంగి, ముందున్న జాలీ నోరు బిగించినట్టు కనిపించేది.

నిర్వాహకుడు:

దీనికి నేను చేయదగిన సవరణ లేదమ్మా. మూడో పాదం దగ్గర ఆగిపోయాను. రబ్బరు అరగడం అనే చిన్న కారణం నుంచి నాన్నగారి దాకా ఒక్క అడుగులో తీసుకువెళ్ళారు. ‘క్రుంగకుండ – ముట్టకుండ’ అంత్యప్రాస అడక్కుండా వచ్చి కూర్చుంది. ఈ వారం ఉత్తమ పూరణ ఇదే.

ఇక నా పూరణ.

కొలిచి చూచితి దారాన కోణములను
అరయ నర్ధాంగుళపు తేడ యందు దొరకె
నడుము సరిజేసి నిలుపగ నాటి యట్లె
మూత కుదిరెను మూతను ముట్టకుండ

విజయవాడ సభ్యులు:

గురువుగారూ, ‘నడుము’ అంటే చాసిస్ అనుకోవాలా? అంబాసిడర్‌కు విడి చాసిస్ ఉందా?

నిర్వాహకుడు:

లేదు. 2014లో ఉత్తరపారాలో తయారీ ఆగేదాకా ఆ బండి ఒళ్ళు ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఒళ్ళే. లారీలాగా కింద వేరే చట్రం ఉండదు. రేకుతో చేసిన పెట్టెలాంటి ఆ ఒళ్ళే దాని అస్థిపంజరం. అందుకే ఎప్పుడో ముందు మూలకు తగిలిన దెబ్బ కీళ్ళదాకా పాకుతుంది. ఎడమ కీలు బోల్టు నుంచి కుడి దీపం పక్కకు ఒక దారం, కుడి కీలు నుంచి ఎడమ దీపం పక్కకు ఇంకో దారం పట్టాను. రెండూ సమానంగా రావాలి. 12 మిల్లీమీటర్ల పైచిలుకు తేడా వచ్చింది. మేస్త్రీ ముందు భాగాన్ని గొలుసుతో కొద్దికొద్దిగా లాగి, ప్రతి లాగుకూ దారం పట్టించి చూశాడు. బానెట్‌కు సుత్తి తగల్లేదు.

గుంటూరు సభ్యురాలు:

అయితే వంగింది ముందు భాగం కదండీ. ‘నడుము’ కన్నా ‘మొగము’ అంటే ఎలా ఉంటుంది? ‘మొగము సరిజేసి నిలుపగ మునుపటట్లె’. మొ, ము లకు యతి చెల్లుతుంది.

నిర్వాహకుడు:

చెల్లడమే కాదు, ఉన్నదున్నట్టు చెప్పింది. నా పద్యం ఇకమీద ఇలాగే ఉంటుంది.

కొలిచి చూచితి దారాన కోణములను
అరయ నర్ధాంగుళపు తేడ యందు దొరకె
మొగము సరిజేసి నిలుపగ మునుపటట్లె
మూత కుదిరెను మూతను ముట్టకుండ