బి సర్టిఫికెట్‌తో ఎన్‌సీసీ ఆపేయాల్నా, సి దాకా పోవాల్నా?

సెకండియర్ క్యాడెట్:
అందరికీ నమస్తే. నేను బీఎస్సీ సెకండియర్, ఎన్‌సీసీ ఆర్మీ వింగ్. బి, సి అంటే ఎన్‌సీసీల పరీక్ష రాస్తే వచ్చే సర్టిఫికెట్లు, బి తర్వాత సి. మాది సిద్దిపేట దగ్గర పల్లె, హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉండి చదువుతున్న. వచ్చే నెల పది రోజుల సీఏటీసీ, అంటే ఎన్‌సీసీ వార్షిక ట్రైనింగ్ క్యాంపు పడ్డది. అదే వారం కెమిస్ట్రీ ఇంటర్నల్ ఉంది. "క్యాంపుకు పోతే మళ్లీ పెట్టను" అన్నది మేడం. అమ్మేమో ఫోన్ చేసినప్పుడల్లా "ఎండల నల్లగైతున్నవ్, ఆ బూట్లు నీకెందుకు బిడ్డా" అంటది.

నాకైతే పొద్దున గ్రౌండ్‌ల నిలబడి "సావధాన్" విన్ననంటే ఇంకేం యాదికి రాదు. మొన్న మొదటిసారి పాయింట్ టూ టూ రైఫిల్ ఇచ్చిన్రు. ఐదు రౌండ్లల నాలుగు ఒక్క దగ్గరనే పడ్డయ్. హవల్దార్ సాబ్ నా టార్గెట్ కాగితం అందరికీ చూపెట్టిండు. దాన్ని ట్రంకుపెట్టెల దాచుకున్న. సి వరకు పోతే నిజంగ ఫాయిదా ఉంటదా? ఇంట్ల ఏం చెప్పాలె?

మాజీ క్యాడెట్, ఖమ్మం:
ఆర్మీలోకి పోవాలనుంటే బి తో ఆగకు చెల్లె. సి లో కనీసం బి గ్రేడు, డిగ్రీలో 50 శాతం ఉంటే ఆర్మీ ఆఫీసర్ కావడానికి ఉన్న ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి అప్లై చేయొచ్చు. రాతపరీక్ష ఉండదు. షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ (ఆఫీసర్లను ఎంపిక చేసే బోర్డు) ఇంటర్వ్యూ, అందులో నెగ్గి మెడికల్, మెరిట్ దాటితే చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ (ఓటీఏ)లో ట్రైనింగ్. వయసు 19 నుంచి 25 లోపు, పెళ్లి కాకుండా ఉండాలి. అమ్మాయిలకూ ఉంది. బి సర్టిఫికెట్‌తో ఈ దారి లేదు.

మాజీ సార్జెంట్, గుంటూరు:
చెల్లీ, ముందు నా సంగతి చెప్తాను. నేను థర్డియర్‌లో ఉండగా క్యాంపు రోజులకే మా పిన్ని కూతురి పెళ్లి పడింది. ఇంకో క్యాంపుకి వెళ్లొచ్చులే అనుకుని పెళ్లికి వెళ్లిపోయాను. తర్వాత క్యాంపులో ఖాళీ దొరకలేదు. ఒక్క పరేడ్ కూడా మానలేదు, అయినా సి పరీక్షకు నా పేరు వెళ్లలేదు. మా బ్యాచ్ వాళ్లు పరీక్ష రాస్తున్న పొద్దున నేను ఇంటి అరుగు మీద కూర్చుని బూట్లు పాలిష్ చేసుకున్నాను. వేసుకుని వెళ్లే చోటు లేదు. చేతులు ఊరుకోలేదు, అంతే. ఇప్పటికీ ఆ పొద్దు తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. క్యాంపు మాత్రం వదలకు.

మేడం దగ్గరికి నువ్వొక్కదానివే వెళ్లి బతిమాలకు. క్యాంపు ఆర్డరు కాపీ అడిగి తీసుకో, తేదీలు అందులో ఉంటాయి. దాన్ని జతచేసి మీ ఏఎన్‌ఓ (కాలేజీలో ఎన్‌సీసీ చూసుకునే లెక్చరర్) గారి చేత ప్రిన్సిపాల్‌కి లెటర్ పెట్టించు. పరేడ్ల లెక్క కూడా నీ నోట్‌బుక్‌లో నువ్వు రాసుకో, తేదీతో సహా. మా కాలేజీలో నా స్నేహితురాలి హాజరు రెండు నెలలు రిజిస్టర్‌కి ఎక్కలేదు. పరీక్ష రాయాలంటే పరేడ్ హాజరు 75 శాతం ఉండాలి కదా, ఆ పిల్ల ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. చివరికి తన నోట్‌బుక్కే కాపాడింది.

యూనిఫాంకి గంజి పలచగా, వడగట్టి పెట్టు. చిక్కగా పెడితే చంకల దగ్గర ఒరుసుకుని తోలు లేచిపోతుంది. నాకు మొదటి క్యాంపులో మూడో రోజుకే రక్తం వచ్చింది. కొత్త బూట్లు క్యాంపులో మొదటిసారి వేసుకోవద్దు, ఇప్పటినుంచే హాస్టల్లో వేసుకుని తిరుగు.

అమ్మకి మాటలతో చెప్పలేవు. మా అమ్మా ఇలాగే అనేది. ఒక ఆగస్టు 15కి కాలేజీకి రమ్మన్నాను. ప్లటూన్ ముందు నేను "దాహినే దేఖ్" (కుడివైపు చూడు) అని అరిచినప్పుడు ఆవిడ అందరి వెనకాల నిలబడి ఉంది. ఇంటికెళ్లాక ఏమీ అనలేదు. నా ఖాకీ చొక్కా బకెట్లోంచి తీసి, కాలరు రెండు చేతులతో రుద్ది, తనే ఉతికి ఆరేసింది.

సెకండియర్ క్యాడెట్:
అక్కా, మీ అరుగు సంగతి చదివి నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయ్. ఇయ్యాల సార్ లెటర్ పెట్టిండు. మేడం ఇంకా ఏం చెప్పలేదు, కానీ క్యాంపు లిస్టుల పేరిచ్చేసిన. అమ్మను జనవరి 26కు రమ్మన్న. బస్సు ఎన్ని గంటలకు ఎక్కాల్నో అడిగింది. గంజికి హాస్టల్ వంటామె వార్చిన నీళ్లిస్తా అన్నది. అన్నీ దొడ్డు బియ్యమే, నడుస్తదా?

మాజీ సార్జెంట్, గుంటూరు:
బాగా నడుస్తుంది. దొడ్డు బియ్యం గంజి చిక్కగా వస్తుంది, ఒకటికి మూడు నీళ్లు కలుపు. సగం ఆరాక, కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చెయ్యి.